వసపిట్టలూ, వాగుడుకాయలూ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ప్రోగ్రెస్ కార్డుల్లో చాలామంది పిల్లల పేర్ల పక్కన ‘టాకటివ్’ అని ఒకే మాట పడింది. మీలో కొందరు టెన్షన్ పడి నా గది దాకా వచ్చారు. చూసి సంతకం పెట్టింది నేనే కాబట్టి తప్పు నాదే.

ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి జయంతి, మనకు తెలుగు భాషా దినోత్సవం. ఈసారి వ్యాసరచన మానేసి, ఎక్కువ మాట్లాడేవాళ్లని ఇంట్లో ఏమంటారో అమ్మమ్మనీ నాయనమ్మనీ అడిగి రాసుకురమ్మన్నాం. కోవూరు, అల్లూరు వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలైతే దారిలో తోటి ప్రయాణికులను కూడా వదల్లేదు.

అందరూ తెచ్చిన మాట వసపిట్ట. ఇందులో కోపం లేదు. మాటలు త్వరగా రావాలని పసిపిల్లలకు వస కొమ్ము అరగదీసి నాకించేవాళ్లు. (ఇప్పుడు డాక్టర్ని అడగకుండా ఆ పని చేయకండి.) అందుకే గలగలలాడే పిల్లని చూసి ‘దీనికి వస ఎక్కువ పోశారే’ అని నవ్వుతారు. అదే పిల్లకి పన్నెండేళ్లు వస్తే వాగుడుకాయ అయిపోతుంది. పెద్దలు మాట్లాడుతుండగా ఒక ప్రశ్న వేసిందా, అధికప్రసంగి. వాళ్లన్నయ్య ఆ ప్రశ్నే వేస్తే ‘వీడు లాయరవుతాడు’ అంటాం. మా స్టాఫ్ రూములోనూ ఈ జబ్బు ఉంది, దాచను.

ఊకదంపుడు సంగతి వేరు. వరి పండించే జిల్లా మనది, ఊక ఎంత దంచినా గింజ రాదని మీకు నేను చెప్పాలా? నోట్లో నువ్వుగింజ నానని వాడు ఇంకో రకం. వాడు రోజుకు నాలుగు మాటలే మాట్లాడొచ్చు, ఆ నాలుగూ ఎవరో చెప్పొద్దన్నవే.

ఇన్ని మాటలున్న భాషలో అందరికీ ఒకే ముద్ర కొట్టడం మా బద్ధకం. ఇకనుంచి టీచర్లు కార్డులో జరిగిందే రాస్తారు: ‘పాఠం మధ్యలో పక్కవాళ్లతో కబుర్లు చెబుతోంది’, ‘అడగకముందే జవాబు చెప్పేస్తున్నాడు’. రెండోదానికి దయచేసి ఇంట్లో తిట్టకండి.

జాబితా ఆఫీసు బయట బోర్డు మీద పెట్టాం. మీ ఊరి మాట అందులో లేకపోతే కింద రాసి వెళ్లండి. ఊకదంపుడు పక్కన ఐదో తరగతి పిల్లవాడెవడో ఉదాహరణగా ‘సోమవారం అసెంబ్లీ’ అని రాశాడు. సోమవారం మాట్లాడేది నేనే. చెరిపించలేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు