పీఎఫ్ దరఖాస్తులో ఆ తేదీ ఎవరు వేస్తున్నారు?

సంపాదకుల వారికి,

నమస్కారములు.

పలాస-కాశీబుగ్గ ప్రాంతంలోని జీడిపప్పు పరిశ్రమలకు, కొన్ని బియ్యం మిల్లులకు లెక్కలు రాసే పనిలో ఉన్నవాడిని. చిన్న పరిశ్రమలు ఉద్యోగుల భవిష్యనిధి, అంటే పీఎఫ్ పథకం కింద ఆన్‌లైన్‌లో నమోదు కావడంలో మన జిల్లాలో స్థిరపడిపోయిన ఒక అలవాటు గురించి మీ పత్రిక ద్వారా యజమానులకు, అధికారులకు మనవి చేసుకోదలచాను. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 తరువాత అదనంగా చేర్చుకున్న ఒక్కొక్క కార్మికుడికీ యజమానికి నెలకు 3,000 రూపాయల దాకా ప్రోత్సాహకం వస్తుందని తెలిశాక, ఇన్నాళ్లూ పీఎఫ్ మాట ఎత్తితేనే ముఖం తిప్పుకొన్నవారు సైతం నమోదు ఎలాగని అడుగుతున్నారు. అది సంతోషించవలసిన విషయమే. అయితే ఆ నమోదును వారు తమ చేతులతో చేయడం లేదు. పాన్ కార్డు, ఆధార్ కార్డు, ఒక రద్దు చేసిన చెక్కు ఎవరో ఒక దళారీకి ఇచ్చి, నంబరు వచ్చాక చెప్పమంటున్నారు. పథకం ఏ రోజు నుంచి వర్తిస్తుందన్న తేదీ కూడా అతడే వేస్తున్నాడు.

నిజానికి ఈ నమోదుకు ప్రభుత్వం రుసుమేమీ వసూలు చేయదు. కంపెనీలకైతే 2020 ఫిబ్రవరి నుంచి కంపెనీ రిజిస్ట్రేషన్‌తో పాటే పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబర్లు వచ్చేస్తున్నాయి. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి సొంత యాజమాన్య సంస్థలు, భాగస్వామ్య సంస్థలు కాబట్టి అవి కేంద్ర కార్మిక శాఖవారి శ్రమ్ సువిధ పోర్టల్‌లో విడిగా దరఖాస్తు చేసుకోవాలి. సంస్థ పేరు పాన్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. చిరునామాకు రుజువు, బ్యాంకు ఖాతా వివరాలు, యజమాని లేదా భాగస్వాముల వివరాలు, కార్మికుల సంఖ్య ఇవ్వాలి. చివర డిజిటల్ సిగ్నేచర్‌తో గాని ఆధార్ ఆధారిత ఈ-సంతకంతో గాని ధ్రువీకరించాలి. ఒక పూట కూర్చుంటే అయ్యే పని ఇది. కాకపోతే దరఖాస్తు ఆంగ్లంలో ఉంటుంది, ఒక్కో గడిలో ఏమి అడుగుతున్నారో చెప్పేవారు ఉండరు. దళారీకి చోటు దొరుకుతున్నది సరిగ్గా అక్కడే.

ఆ గడులలో అన్నిటికన్నా బరువైనది తేదీ గడి. సంస్థ ఎప్పుడు మొదలైంది, పథకం వర్తించే సంఖ్యకు కార్మికులు ఏ రోజున చేరుకున్నారు అని అక్కడ అడుగుతారు. 1952 నాటి చట్టం ప్రకారమైనా, దాని స్థానంలోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్ ప్రకారమైనా ఆ సంఖ్య ఇరవై. ఇరవయ్యో మనిషి ఎప్పుడు చేరాడో దళారీకి తెలియదు, తెలుసుకోవలసిన అగత్యమూ అతనికి లేదు. కనుక దరఖాస్తు నింపుతున్న నెల ఒకటో తారీఖు వేసేస్తాడు. పాత బకాయి ఏదీ కనిపించదు కాబట్టి యజమాని కూడా ఊరుకుంటాడు.

ఊరుకున్నందువల్ల నష్టపోయేది ముందుగా కార్మికురాలు. జీడిపప్పు పరిశ్రమలో పిక్కలు కొట్టేవారు, తొక్క తీసేవారు, గ్రేడింగ్ చేసేవారు అత్యధికం ఆడవాళ్లే, అందులో చాలామంది నడివయసులో పనికి వచ్చినవారు. పీఎఫ్‌తో ముడిపడిన పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి, 58 ఏళ్లు నిండగానే పింఛను చందా ఆగిపోతుంది. నలభై ఆరో ఏట చేరిన మనిషికి అన్నీ సక్రమంగా జరిగితే పన్నెండేళ్ల సర్వీసు లెక్కకు వస్తుంది. దరఖాస్తులో అసలు తేదీ కన్నా మూడేళ్ల తరువాతి తేదీ వేశారనుకోండి, మిగిలేది తొమ్మిదేళ్లు. అంటే జీవితాంతం రావలసిన పింఛను పోయి, ఒక్కసారిగా ఇచ్చే కొద్దిపాటి మొత్తంతో ఆమె సరిపెట్టుకోవాలి. కనీస పింఛను వెయ్యి రూపాయలే కదా, దానికింత రాద్ధాంతమా అని కొందరనవచ్చు. నెలాఖరున ఆ వెయ్యికి ఉన్న విలువ మందుల దుకాణంలో అప్పు ఉన్నవారిని అడిగితే చెబుతారు. ఇక సర్వీసులో ఉండగా కార్మికుడు మరణిస్తే కుటుంబానికి పింఛను, 7 లక్షల రూపాయల వరకు బీమా సొమ్ము రావడానికి కూడా ఆ వ్యక్తి పేరు అప్పటికే నమోదై ఉండాలి.

యజమాని కూడా ముప్పు తప్పించుకోలేడు. ఎప్పుడో తనిఖీ వచ్చి, జీఎస్టీ రిటర్నుల నుంచో, కూలీల పుస్తకం నుంచో, బ్యాంకు చెల్లింపుల నుంచో ఇరవై మంది అంతకుముందే ఉన్నారని తేలితే, అసలు తేదీ నుంచి లెక్క కడతారు. గడిచిన కాలానికి కార్మికుల వాటాను వారి జీతంలోంచి ఇప్పుడు కోసుకుంటామంటే చట్టం ఒప్పుకోదు. రెండు వాటాలూ యజమానే భరించాలి. దానిమీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన జరిమానాగా నష్టపరిహారం. ఈ భారాన్ని తగ్గించడానికి కేంద్రం 2025 నవంబరు 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు ఒక ప్రత్యేక నమోదు కార్యక్రమం పెట్టింది. 2017 జూలై 1కీ 2025 అక్టోబరు 31కీ మధ్య పనిలో చేరి నమోదు కానివారిని ఆ గడువులో యజమాని తానుగా ముందుకొచ్చి చేర్పిస్తే, జీతంలో కోయని కార్మికుల వాటా మాఫీ అవుతుంది, నష్టపరిహారం నామమాత్రంగా 100 రూపాయలు. నాకు తెలిసిన యజమానులలో చాలామందికి ఈ సంగతి వారి దళారీలు చెప్పనే లేదు. చెప్పి ఉంటే ఆ తేదీ గడిలో అబద్ధం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఇరవై మందిని లెక్కించడంలోనూ పొరపాటు అభిప్రాయాలు ఉన్నాయి. నెల జీతం తీసుకునేవారిని మాత్రమే లెక్కపెట్టి, కిలోల చొప్పున కూలి తీసుకునేవారిని, మేస్త్రీ తెచ్చే మనుషులను వదిలేస్తున్నారు. చట్టం దృష్టిలో వారంతా కార్మికులే. ఒక షెడ్డు తన పేరున, ఇంకొకటి భార్య పేరున, మూడోది తమ్ముడి పేరున పెట్టి తలా పదిహేను మందిని చూపడమూ మన వైపు కొత్త కాదు. పెట్టుబడి, యాజమాన్యం, పని ఒకటే అయితే వాటన్నిటినీ ఒకే సంస్థగా పరిగణించే అధికారం అధికారులకు ఉంది. ఒకసారి పథకం వర్తించాక కార్మికుల సంఖ్య ఇరవై కన్నా తగ్గినా బాధ్యత తొలగదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇరవై మంది లేని చిన్న సంస్థ యజమాని, అత్యధిక కార్మికులు ఒప్పుకుంటే స్వచ్ఛందంగానూ చేరవచ్చు. ఆ వెసులుబాటు గురించి మన జిల్లాలో ఎవరూ మాట్లాడరు.

ఖర్చు విషయంలో ఉన్న భయం అసలు లెక్క కంటే పెద్దది. నెలకు 10,000 రూపాయల జీతం ఉన్న కార్మికుడి నుంచి 12 శాతం చొప్పున 1,200 కోస్తారు; యజమాని మరో 1,200 కలుపుతాడు, అందులో 833 పింఛను పథకానికి, 367 పీఎఫ్ ఖాతాకు వెళ్తాయి. బీమాకు 50, నిర్వహణ ఖర్చుకు 50 అదనం. నిర్వహణ ఖర్చు మాత్రం సంస్థ మొత్తానికి నెలకు 500కు తగ్గకూడదు. జనపనార మిల్లులు ఉన్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి తెలియవలసిన మరో సంగతి, ఆ పరిశ్రమకు చందా 12 శాతం బదులు 10 శాతమే. ప్రతి నెలా 15వ తేదీలోగా ముందు నెల చలానా కట్టాలి. ఈ మాత్రం లెక్క తెలిసిన యజమాని ధరలు కట్టేటప్పుడే దాన్ని కలుపుకొంటాడు.

దళారీ వేసిన తేదీ ఒక ఎత్తైతే, అతడు రాసిన ఫోన్ నంబరు, ఈమెయిలు మరో ఎత్తు. దరఖాస్తులో తన నంబరే ఇచ్చుకుంటాడు, కాబట్టి ఓటీపీలు అన్నీ అతనికే వెళ్తాయి. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అతని దగ్గరే. కొందరైతే సంస్థ తరఫున సంతకం చేసే అధికారం కూడా తమ పేరునే రాసుకుంటున్నారు. ఇల్లు మనది, పట్టా పక్కవాడి పేరున అన్నట్టుంది ఈ వ్యవహారం. ఆ తరువాత కార్మికుడి పేరులో అక్షరం సరిదిద్దాలన్నా, కేవైసీ (ఆధార్, బ్యాంకు వంటి గుర్తింపు వివరాలు) ఆమోదించాలన్నా, పని మానేసిన తేదీ వేయాలన్నా యజమాని అతన్నే బతిమాలాలి. కార్మికుడు ఇద్దరినీ బతిమాలాలి. దళారీ ఊరు మారితే, ఫోను ఎత్తకపోతే సంస్థ ఖాతా తెరిచే దిక్కు ఉండదు. నాకు తెలిసిన ఒక చిన్న పరిశ్రమలో కూతురి పెళ్లికి అడ్వాన్సు పెట్టుకున్న కార్మికురాలి దరఖాస్తు ఇలాగే చిక్కుకుపోయింది, పెళ్లి అప్పుతో జరిగింది. ఆ దళారీని నిందించి లాభం లేదు. అతడు చేసిన పని చట్టవిరుద్ధమని అక్కడ ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే ఆ వీధిలో అందరిదీ అదే పద్ధతి.

అధికారులకు నా మనవి చిన్నది. 2023 జనవరి నుంచి భవిష్యనిధి సంస్థ ప్రతి నెలా 27వ తేదీన అన్ని జిల్లాలలో ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో శిబిరాలు జరుపుతున్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో జరిగే ఆ శిబిరాలను అప్పుడప్పుడు పలాసలో, రాజాంలో, బొబ్బిలి పారిశ్రామిక కేంద్రంలో పెట్టి, కొత్తగా నమోదయ్యే యజమానుల కోసం ఒక బల్ల విడిగా కేటాయించాలి. దరఖాస్తులోని ప్రతి గడికీ, ముఖ్యంగా తేదీ గడికి, తెలుగులో వివరణ ఉన్న కరపత్రం అక్కడ పంచాలి. దాని ప్రతులు జిల్లా పరిశ్రమల కేంద్రాలలోనూ, మున్సిపల్ కార్యాలయాలలో ట్రేడ్ లైసెన్సు ఇచ్చే కిటికీ దగ్గరా ఉంచాలి. సంస్థ ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు యజమానిదా కాదా అన్నది ఆ బల్ల దగ్గరే సరిచూస్తే మరీ మంచిది.

ఇప్పటికే నమోదైన యజమానులు ఈ వారంలోనే తమ ఖాతాలోకి ఒకసారి వెళ్లి, అక్కడున్న ఫోన్ నంబరు, ఈమెయిలు, సంతకం చేసే అధికారం ఎవరి పేరున ఉన్నాయో చూసుకోవాలి. పాస్‌వర్డ్ తమ దగ్గర లేకపోతే, సంస్థ కోడ్ నంబరు, పాన్, యాజమాన్య రుజువు జతపరచి విశాఖపట్నంలోని ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకుని, అందినట్టు రసీదు తీసుకోవాలి.

ఇట్లు,
ఒక అకౌంటెంటు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.