కార్బురేటర్ బళ్ళు ఇకనుంచి ఒక రాత్రి షాపులో ఉండాల్సిందే

విజయవాడ సింగ్‌నగర్‌లో మన షాపుకి బళ్ళు తెచ్చే అందరికీ, ముఖ్యంగా పాత స్ప్లెండర్లు, ప్యాషన్లు, ఆర్‌ఎక్స్‌లు, బుల్లెట్లు ఇంకా వదలకుండా నడుపుతున్నవాళ్ళకి. "బండి ఇచ్చి ఇన్నాళ్ళయింది, ఇంకా అవలేదా?" అని రోజూ ఫోన్లు వస్తున్నాయి. అడగాల్సిందే, మీ బండి మీది. ఆలస్యం ఎందుకవుతోందో ఉన్నదున్నట్టు చెప్తాను.

2020 ఏప్రిల్లో బీఎస్-6 అనే పొగ రూలు వచ్చాక చాలావరకు కొత్త బళ్ళలో పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్ పోయి, అదే పని సెన్సర్లతో చేసే ఇంజెక్షన్ వచ్చింది. మన కుర్రాళ్ళు పనిలోకి దిగింది ఆ తర్వాతే. మీటర్లో లైటు వెలిగితే స్కానర్ పెట్టి ఏ సెన్సరో నిమిషాల్లో చెప్పేస్తారు. కార్బురేటర్ విప్పమంటే మాత్రం నా మొహం చూస్తారు. వాళ్ళనేమీ అనను, వాళ్ళకి రేపు అన్నం పెట్టేది ఆ స్కానరే. కాబట్టి ఈ పని నేనొక్కడినే చేస్తున్నా. ఈ నెల నుంచి కార్బురేటర్ బండి ఏదైనా ఒక రాత్రి షాపులో ఉండాలి. వేడి ఇంజను ఎలాగైనా అందుకుంటుంది. తెల్లారి చల్లటి ఇంజను మొదటి కిక్కుల్లోనే అందుకుంటోందో లేదో చూడందే తాళం ఇవ్వను.

ఇప్పుడు నా దగ్గర ఆగిపోయిన బళ్ళలో ఎక్కువవాటి కథ ఒకటే: కార్బురేటర్ క్లీన్ చేశాక స్టార్ట్ అవట్లేదు. కొన్ని బయట చేయించినవి, కొన్ని ఇంట్లో వీడియో చూసి విప్పినవి. మొన్న ఒక తండ్రీ కొడుకూ ప్యాషన్ని ఎండలో తోసుకుంటూ వచ్చారు. "మేస్త్రీ, క్లీన్ చేయకముందు చోక్ వేస్తేనైనా లేచేది, ఇప్పుడు అదీ లేదు" అన్నాడు పెద్దాయన. ప్లగ్గు తీస్తే పొడిగా ఉంది, కరెంటు బాగానే వస్తోంది. ఎయిర్ ఫిల్టర్ పైపు లాగేసి, కార్బురేటర్ నోటికి అరచెయ్యి సగం అడ్డం పెట్టి వాళ్ళబ్బాయిని కిక్కు కొట్టమన్నా. అందుకుంది. చెయ్యి తీయగానే ఆగిపోయింది. అంటే పెట్రోలుకి మించి గాలి లోపలికి పోతోంది. స్లో జెట్టన్నా (స్టార్టింగుకి పెట్రోలు వచ్చే సన్న కన్నం ఉన్న ఇత్తడి ముక్క) మూసుకుపోయి ఉండాలి, ఎక్కడన్నా గాలి లాగేస్తూ ఉండాలి. జెట్టు వెలుతురుకి పెట్టి చూస్తే కన్నం శుభ్రంగా ఉంది. కార్బురేటర్ ఇంజను వైపు బిగించే చోట చూస్తే గాడి ఖాళీ, గాలి దూరకుండా ఆపే రబ్బరు ఓరింగు లేదు!

"అది పెద్దదైపోయింది బాబాయ్, గాడిలో పట్టలేదు, తీసేశా" అన్నాడు వాళ్ళబ్బాయి. రబ్బరుని పెట్రోల్లో గానీ స్ప్రేలో గానీ నానబెడితే ఉబ్బుతుంది. చాలావరకు గాలికి ఆరితే మళ్ళీ సర్దుకుంటుంది. వీడిది అప్పటికే గట్టిపడి ఉంది కాబట్టి కొత్తది వేశాను. పదీ ఇరవై రూపాయల వస్తువు. అది లేకపోవడం వల్లే కిక్కు కొట్టీ కొట్టీ ఇద్దరికీ కాళ్ళు పడిపోయాయి.

ఇంట్లో విప్పుకుంటే నాకేం కోపం లేదు. విప్పినవన్నీ పారేయకుండా ఒక కవర్లో వేసి బండితోపాటు తెండి, అరిగిన ఓరింగుతో సహా. గాలి పాళ్ళు సరిచేసే ఎయిర్ స్క్రూ తీసే ముందు లోపలికి మెల్లగా తిప్పి, ఎన్ని చుట్లకి ఆగిందో రాసుకోండి. జెట్టులో స్టీలు తీగ మాత్రం దూర్చొద్దు. ఇత్తడి మెత్తన, కన్నం ఒకసారి పెద్దదైతే ఆ జెట్టు పని అయిపోయినట్టే. డూప్లికేట్ కిట్లు వేయడం ఆపేశాను. వాటిల్లో జెట్టు మీద నంబరొకటి, కన్నం ఇంకొకటి. కంపెనీ జెట్టు రావడానికి టైం పడుతుంది, కొన్ని బళ్ళు దానికోసమే ఆగాయి.

పెట్రోలు కారుతూ ప్లగ్గు తడిసిపోతోందంటే చాలావరకు, నిండాక పెట్రోలు ఆపే ఫ్లోట్ సూది దగ్గర నలుసు ఇరుక్కుందన్నమాట. కాక్ (ట్యాంకు కింద పెట్రోలు కట్టేసే మీట) కట్టేసి, ప్లగ్గు తీసి ఆరబెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టాక ప్లగ్గు పెట్టండి. కారడం ఆగకపోతే అక్కడితో వదిలేసి తీసుకురండి. క్లీన్ చేశాక బౌల్ (కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె) ఖాళీగా ఉంటుంది, కాక్ తిప్పి ఒక నిమిషం ఆగందే కిక్కు కొట్టి లాభం లేదు. కాక్ తిప్పడమే మర్చిపోయి బండి ఆటోలో వేసుకొచ్చినవాళ్ళూ ఉన్నారు.

మన ఏరియాది ఇంకో గోల. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళలో మునిగిన బళ్ళు అప్పుడు కడిగించుకుని నడుపుతున్నాం. ట్యాంకు లోపల పట్టిన తుప్పు మాత్రం ఇప్పుడు రాలుతోంది. బౌల్ విప్పితే పెట్రోలు డికాషన్ రంగులో ఉంటోంది. ఆ బండికి ఎన్నిసార్లు కార్బురేటర్ కడిగినా కొన్నాళ్ళకి జెట్టు మళ్ళీ మూసుకుంటుంది. ట్యాంకు దించాలి, కాక్‌లో జాలీ మార్చాలి. దానికి ఒప్పుకోని బళ్ళకి ఇకమీదట కార్బురేటర్ పని చేయను. మీ డబ్బులు తీసుకుని వచ్చే నెల మళ్ళీ మీతో మాట పడడం నావల్ల కాదు. దానికితోడు ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది. ఊరెళ్ళేటప్పుడు కాక్ కట్టేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడవనిచ్చి వెళ్ళండి.

ఇక డబ్బుల మాట. "సర్వీసుతోపాటు కార్బురేటర్ కూడా ఓసారి క్లీన్ చేసెయ్" అంటారు చాలామంది. మెకానిక్కి ఇంతకంటే తేలిక బేరం లేదు. కానీ బాగా నడుస్తున్నదాన్ని విప్పితే కొత్త రోగాలు వస్తాయి. ముందు ప్లగ్గు, ఫిల్టర్, పెట్రోలు ధార చూస్తాను, అవసరమైతేనే విప్పుతాను. తప్పు ఎక్కడుందో వెతికినందుకు చెకింగ్ చార్జీ మాత్రం తీసుకుంటాను, దొరికింది కాక్ కట్టేసి ఉండటమే అయినా సరే. పని నా దగ్గరే చేయిస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాను.

ప్యాషన్, రెండు స్ప్లెండర్లు రెడీగా ఉన్నాయి, సాయంత్రం ఎనిమిదిలోపు తీసుకెళ్ళండి. బుల్లెట్ వాళ్ళు జెట్టు వచ్చాక నేనే ఫోన్ చేస్తాను. ఆర్‌ఎక్స్ ట్యాంకు కడిగి ఆరబెట్టాను, శుక్రవారం తర్వాత రండి.