తాళం భద్రంగానే ఉంది, తలుపే ఊడింది

సంపాదకుడి గారికి,

వరుస దొంగతనాల మీద మీ పత్రికలో పోయిన వారం వచ్చిన వార్త చదివాను. కోపం కాస్త చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఇన్నాళ్లు ఆగాను. చల్లారలేదు. ప్రజలు ఇళ్లకు నాణ్యమైన తాళాలు వేసుకోవాలట! అధికారి గారి ఈ సలహా పక్కనే మీరు ఫోటో కూడా వేశారు. అందులో తాళం నిక్షేపంలా ఉంది. చీలింది ద్వారబంధం. సలహా ఇచ్చినాయన ఆ ఫోటో చూశారో లేదో.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. షాపులో ఉన్నవాటిల్లోకెల్లా ఖరీదైన తాళం కొని బిగించుకున్నాం. దొంగ దాని జోలికే పోలేదు. తలుపును రెండు తన్నులు తన్నాడు, అంతే. గడియ నాలుక వెళ్లి కూర్చునే ఇనుప రేకు స్క్రూలతో సహా ఊడి నేలమీద పడింది. ఆ స్క్రూలు ఏరి కొలిచాను. ముప్పావు అంగుళం! ఫ్రేము చెక్కలో పైపైన గుచ్చుకుని ఉంటాయి తప్ప గోడ దాకా పోనే పోవు. కనీసం 3 అంగుళాలవి, ఫ్రేము మందంగా ఉంటే ఇంకా పొడవైనవి, గోడను పట్టుకునేలా నాలుగు దించి ఉంటే రెండు తన్నులకే ఊడేది కాదు. బిగించినాయన్ని అడిగితే, "డబ్బాలో అవే వచ్చాయండీ" అన్నాడు. నిజమే, అవే వచ్చాయి.

నాణ్యమంటే ఏమిటో వాళ్లు చెప్పరు కాబట్టి, దెబ్బతిన్నవాణ్ణి నేనే చెబుతాను. గడియ నాలుక కనీసం అంగుళం బయటికి రావాలి, నొక్కితే వెనక్కి పోకూడదు. స్ప్రింగు నాలుకను ప్లాస్టిక్ కార్డుతో నెట్టేస్తారు. తాళంచెవి దూర్చే సిలిండర్ బయటి ప్లేటు కంటే 3 మిల్లీమీటర్లకు మించి పొడుచుకొస్తే, దాన్ని పట్టుకుని పుటుక్కున విరిచేస్తారు. ఇక తాళంకప్ప ఎంత బరువుదైతే ఏం, గొళ్లెం స్క్రూలు బయటికే కనిపిస్తుంటే?

లండన్‌లో బ్రామా కంపెనీ, తమ తాళం తీసినవాడికి 200 గినీలు (అప్పటి బంగారు నాణేలు) ఇస్తామని 1790లో షాపు కిటికీలో బోర్డు పెట్టింది. చివరికి 1851లో అమెరికా నుంచి వచ్చిన హాబ్స్ అనే తాళాల నిపుణుడు దాన్ని తీశాడు, అదీ 51 గంటలు కుస్తీ పట్టి. మన ఇళ్లకొచ్చే దొంగకు అంత తీరికెక్కడిది? అంత అవసరం మాత్రం ఏముంది, కాలుంది కదా.

ఇల్లు కట్టేటప్పుడు పర్మిషన్లిచ్చే వాళ్లు మెట్ల వెడల్పు కొలుస్తారు, ఖాళీ జాగా కొలుస్తారు. తలుపు ఫ్రేము గోడకు ఎలా బిగించారో చూసిన నాథుడు లేడు. ఇల్లు చేతులు మారితే పాత తాళంచెవులు ఎవరెవరి దగ్గర మిగిలాయో అడిగేవాడూ లేడు. సిలిండర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోయేదానికి కొందరు తాళం మొత్తం అంటగడతారు. దొంగతనం జరిగాక మాత్రం అందరూ తాళం గురించే మాట్లాడతారు.

ఫిర్యాదు ఇవ్వబోతే నన్ను మొదట అడిగింది, ఏ కంపెనీ తాళం అని. స్క్రూ చూపించబోతే, అది అక్కర్లేదు, లోపల పెట్టుకోండన్నారు. కనీసం మీరైనా వేస్తారేమోనని, స్కేలు పక్కన పెట్టి తీసిన దాని ఫోటో జతచేస్తున్నాను.

- ఒక పాఠకుడు