చేత్తో మేపిన గుర్రం

చిట్టితల్లీ,

నీ మెసేజ్ రాత్రి చదివాను. పుంగనూరు ఆవుల మీద ప్రాజెక్టు చేస్తానంటే, "పోయే జాతితో నీకేం పని" అన్నారని బాధపడ్డావు. ఫోన్లో ఇదంతా చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

తుర్క్‌మెనిస్తాన్‌లో అఖల్‌టెకె అనే గుర్రం ఉంది. కారకూమ్ ఎడారి అంచున, కోపెట్‌దాగ్ కొండల పక్కన టెకె తెగవాళ్లు పెంచుకున్న జాతి. ఎండ పడితే ఒళ్లు బంగారు పూత పూసినట్టు మెరుస్తుంది. నాకు మాత్రం ఆ మెరుపు కన్నా దాన్ని పెంచిన తీరే గొప్పగా అనిపిస్తుంది. మందలు మేయడానికి ఎడారిలో పచ్చిక ఎక్కడిది? అందుకే గుర్రాన్ని గుడారం పక్కనే కట్టుకుని చేత్తో మేపేవారు. లూసర్న్ గడ్డి, బార్లీ, గొర్రె కొవ్వు కలిపిన పిండిముద్ద. చలికి ఉన్ని దుప్పట్లు ఒకదాని మీద ఒకటి కప్పేవారు. పొద్దున లేవగానే ముందు నాన్నను, తర్వాత గుర్రాన్ని పలకరించమని వాళ్ల సామెత.

1881లో ఆ టెకె తెగవాళ్ల గోక్‌టెపె కోట రష్యా సైన్యం చేతికి పోయింది. సోవియట్ కాలంలో గుర్రాలు ఇళ్ల నుంచి సమష్టి వ్యవసాయ క్షేత్రాలకు పోయాయి. మేపే చెయ్యి మారిపోయింది. 1935లో కొందరు రౌతులు తుర్క్‌మెనిస్తాన్ రాజధాని ఆష్గబాత్ నుంచి మాస్కో దాకా, సుమారు 4,300 కిలోమీటర్లు, 84 రోజుల్లో స్వారీ చేసి తమ గుర్రాల సత్తా ఏమిటో చూపించారు. అయినా ట్రాక్టర్లొచ్చాక గుర్రంతో పనేముందన్నారు. ఎన్నింటినో మాంసం కోసం కబేళాకు తోలారు. ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగిపోతోందమ్మా.

అలాంటి రోజుల్లోనే, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబ్సెంట్ అనే నల్ల అఖల్‌టెకె డ్రెసాజ్ అనే గుర్రపు స్వారీ పోటీలో బంగారు పతకం తెచ్చింది. రౌతు సెర్గెయ్ ఫిలాతోవ్. ఆ పోటీలో వేగం లెక్కలోకి రాదు. రౌతు కాలి చిన్న ఒత్తిడికి, పగ్గం చిన్న కదలికకు గుర్రం అడుగు మార్చాలి. తరతరాలుగా మనిషి చేతి కింద పెరిగిన జాతికి అది తెలియని విద్యా?

ఇప్పుడు అఖల్‌టెకె గుర్రం తుర్క్‌మెనిస్తాన్ రాజముద్ర మీద ఉంది. 2023లో దాన్ని పెంచే కళను, అలంకరించే సంప్రదాయాన్ని యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చూశావా, గుర్రంతో పాటు పెంపకాన్నీ గుర్తించారు.

ఆదివారం పుంగనూరు ఆవుల్ని చూడటానికి పలమనేరు వెళ్తానన్నావు కదా. ఆవు ఎత్తు కొలిచే ముందు, దాన్ని మేపే మనిషి దగ్గర ఓ గంట కూర్చో. ఏ పూట ఏం పెడతాడో, ఏ పేరుతో పిలుస్తాడో అడిగి రాసుకో. నాకూ చెప్పు.

మీ నాన్న