పదహారు పేజీలు లేవు, పదిహేను నెలలూ లేవు

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: 1878 నాటి ఒంగోలు నేపథ్యంలో మీరు వేసిన క్రైస్తవ ప్రేమ నవలలో పేజీలు లేకపోవడం, వెనక అట్ట మీద చరిత్రకు విరుద్ధమైన మాటలు ఉండటం.

అయ్యా, నమస్కారం.

పోయిన నెల మీ వెబ్‌సైట్‌లో 450 రూపాయలు పెట్టి ఈ నవల తెప్పించుకున్నాను. మా అమ్మకు 83 ఏళ్లు, చూపు ఆనదు. రాత్రి ప్రార్థన అయ్యాక రోజుకో అధ్యాయం నేనే పైకి చదివి వినిపిస్తాను. ధాత కరువులో (1876–78 నాటి పెద్ద కరువు) బకింగ్‌హాం కాలువ పని మీద మట్టి మోసిన పిల్ల నాయిక, బోధకుడి కొడుకు నాయకుడు అని ప్రకటనలో చూసి ఆగలేకపోయాను. మిషన్ కాలపు ప్రేమకథ అంటే దొర, దొరసాని ప్రేమించుకోవడం, మనవాళ్లు వాళ్లకు నీళ్లు తోడటం, పంకా లాగటం. ఇన్నాళ్లూ అలాంటివే చదివాను. మాదిగపల్లెలో పుట్టిన ఇద్దరు దేవుణ్ణీ, ఒకరినొకరినీ ప్రేమించడం తెలుగులో చదవడం నాకిదే మొదలు. మొదటి రాత్రే అమ్మ "ఆ ముక్క ఇంకోసారి చదవమ్మా" అని మూడుసార్లు చదివించుకుంది. అంత ఇష్టపడ్డాం కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు పేజీల సంగతి. 176వ పేజీ చివర ఆ పిల్ల మట్టితట్ట కాలువ గట్టున దించుతుంది. అతను చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె దోసిట్లో పోస్తాడు. అప్పటిదాకా దూరం నుంచి చూసుకోవడమే తప్ప ఇద్దరూ ఎదురెదురుగా నిలబడింది లేదు. పేజీ తిప్పితే మళ్లీ 161. కాగితాలు అంటుకున్నాయేమో అని వేలు తడిచేసి విడదీసి చూశాను. కాదు. 161 నుంచి 176 దాకా రెండోసారి వచ్చి, ఆ వెంటనే 193 ఉంది. అక్కడికి పెద్దవాళ్ల పెళ్లిమాటలు కూడా అయిపోయాయి. "అతనేమన్నాడు? ఆ పిల్ల ఏమంది?" అని అమ్మ అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు.

ఒక ఫారం, అంటే పదహారు పేజీల కట్ట, రెండుసార్లు పడి, తర్వాతి ఫారం జారిపోయింది. బైండింగ్‌లో ఇలాంటివి జరుగుతాయి, అందుకు నాకు కోపం లేదు. కోపమంతా మీ కస్టమర్ కేర్ జవాబు మీద. ఫోటోలు పంపమన్నారు, పంపాను. ఐదు రోజుల తర్వాత "పుస్తకం చిరగలేదు కాబట్టి మార్పిడి కుదరదు" అని చెప్పి, ఈసారి కొనే పుస్తకం మీద 50 రూపాయలు తగ్గిస్తూ కూపన్ పంపారు. ఆ కూపన్ నాకు వద్దు. నేను డబ్బు కట్టింది మొత్తం కథకు.

ఇక అసలు బాధ. వెనక అట్ట మీద "గుప్పెడు బియ్యం కోసం బాప్తిస్మం తీసుకున్న పల్లెపడుచు ప్రేమకథ" అని పెద్ద అక్షరాలతో వేశారు. లోపల 9వ అధ్యాయంలో బోధకుడు ముందు పేరు రాసుకుని, తర్వాత బియ్యం కొలిచి పోస్తాడు. ఆ పేజీ పైకి చదువుతుంటే మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. మా అమ్మ నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ కాలువ పని మీదే తల్లి వెంట తట్ట మోసింది. ఆమె ముసలితనంలో చెప్పిన మాటలు అమ్మకు ఈ రోజుకీ గుర్తే: "కూలి డబ్బు సర్కారుది. దొర దగ్గర మేం అడుక్కున్నది బాప్తిస్మం ఒక్కటే, అదీ ఇవ్వలేదు."

ఇది మా ఇంటి మాట మాత్రమే కాదు. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. జనం వచ్చి బాప్తిస్మం అడిగితే, తిండి కోసం వచ్చారన్న నింద పడకూడదని 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, అంటే దాదాపు 15 నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాకే, మాకు సాయం అక్కర్లేదు బాప్తిస్మమే కావాలని వాళ్లు పట్టుబట్టాకే, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మీ అట్ట మీది మాట దీన్ని పూర్తిగా తలకిందులు చేసింది. 'బియ్యం కోసం మారినవాళ్లు' అన్న ఎత్తిపొడుపు మా పెద్దలు బతికినంత కాలం పడ్డారు. ఇప్పుడు దాన్ని మీరు అట్టకెక్కించి అమ్ముతున్నారు.

రచయిత గారికి కూడా ఒక మాట చేరవేయండి. ఆ 15 నెలలే ఈ నవలకు ప్రాణం కావలసింది. అతను బోధకుడి కొడుకు, విశ్వాసంలో ఉన్నవాడు. ఆమె నమ్మింది, కానీ బాప్తిస్మం దొరకదు. అది జరక్కుండా సంఘంలో పెళ్లి ఎలా? ఆకలి ఒక పక్క, ఎదురుచూపు ఒక పక్క, రోజూ ఒకే గట్టు మీద పని. బియ్యం కొలత బదులు ఈ ఎదురుచూపు రాసి ఉంటే ఏ పాఠకుడైనా పుస్తకం కింద పెట్టగలడా?

అట్టబొమ్మ కూడా మార్చాలి. ఏటిలో ఒక తెల్లదొర నిలబడి బాప్తిస్మం ఇస్తున్నట్టు వేశారు. ఆ రోజు నీళ్లలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున దిగి, వాళ్లు అలిసి ఒడ్డుకు రాగానే మరో ఇద్దరు దిగారు. క్లౌ దొర స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేస్తూ తిరిగిన ఊళ్లలోనే ఈ సువార్త పాకింది. మనవాళ్లు చేతులారా చేసిన పనిని అట్ట మీద ఇంకొకరి చేతికి ఇచ్చేశారు.

మిగతా తప్పులు త్వరగా చెబుతాను. 1877లో మద్రాసు నుంచి ఒంగోలుకు రైలు దిగినట్టు రాశారు. ఆ రైలుదారి పడింది ఇంకో ఇరవై ఏళ్లు దాటాకే. 'ప్రకాశం జిల్లా కలెక్టరు' డేరా వేశాడట. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. జిల్లాకు పేరు తెచ్చిన ప్రకాశం పంతులు గారు 1872లో పుట్టారు, ఆ కరువునాటికి ఐదేళ్ల పిల్లవాడు. నాయిక బాప్తిస్మం వెండి గిన్నెలో నీళ్లు నొసట చిలకరించి చేయించారు. బాప్టిస్టు మిషన్‌లో మునక బాప్తిస్మమే, గిన్నె ఉండదు. మత్తయి 11వ అధ్యాయంలోని "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న మాటను "కష్టపడేవారలారా, బరువులు కలిగినవారలారా" అని మార్చారు. తట్టలు దించి గట్టున కూర్చున్నవాళ్లకు బోధకులు చెప్పిన వాక్యం అది. ప్రతి ఇంట్లో బైబిలు ఉంది, చూసి రాసుకోవాల్సింది.

కాబట్టి ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోపు నాకు పూర్తి ప్రతి పంపండి, లేదా 450 రూపాయలూ కొరియర్ ఖర్చూ తిరిగి ఇవ్వండి. వెబ్‌సైట్‌లో ఉన్న ఆ 'గుప్పెడు బియ్యం' వాక్యాన్ని వెంటనే తీసేయండి. గోడౌన్‌లో ఉన్న ప్రతుల్లో తప్పొప్పుల పట్టిక పెట్టి అమ్మండి, రెండో ముద్రణకు అట్ట మార్చండి. ప్రూఫులు పంపితే నేనూ, మా సంఘంలో ఒకరిద్దరు పెద్దలూ డబ్బేమీ తీసుకోకుండా చదివిపెడతాం. జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. బిల్లు, ఫోటోలు, మీ కస్టమర్ కేర్ జవాబు అన్నీ జతచేశాను.

కొత్త ప్రతి పంపే ముందు 177వ పేజీ ఉందో లేదో మీ మనిషి చేత ఒకసారి తిప్పి చూపించి పంపండి. అమ్మ రోజూ అడుగుతోంది.

ఇట్లు,
ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు