మామునూరు నుంచి విమానం ఎగిరే నాటికి వాద్యాల సంగతీ తేల్చండి

సంపాదకులకు,

మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతించిన నాటి నుంచి భూసేకరణ గురించి, రన్‌వే గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. నిజాం హయాంలో 1930లో వెలిసి, 1981 దాకా విమానాలు తిరిగిన ఆ మైదానం మళ్లీ తెరుచుకుంటే ఓరుగల్లు కళాకారులకు ప్రపంచం దగ్గరవుతుందని చెబుతుంటే వినడానికి బాగానే ఉంది. అయితే విమానం ఎక్కడం వేరు, వాద్యంతో విమానం ఎక్కడం వేరు. ఈ రెండో సంగతిని ఎవరూ ఎత్తడం లేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హనుమకొండలో మృదంగం నేర్చుకుని, భార్య ఉద్యోగరీత్యా స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి వెళ్లి, అక్కడే వాయిస్తూ, పాఠాలు చెబుతూ బతుకుతున్నవాణ్ని. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు వచ్చి ముఖ్యంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. అక్కడ కచేరీకి ఎంత ఇస్తారన్నది ఒకటి, విమానంలో మృదంగాన్ని ఎట్లా తీసుకుపోతారన్నది రెండోది. మొదటిదానికంటే రెండోదే తెలివైన ప్రశ్న అని నా అభిప్రాయం. ఎందుకంటే మొదటిదానికి జవాబు చాలావరకు రెండోదాని మీదే ఆధారపడి ఉంటుంది.

బాసెల్‌లో పెద్ద మందుల కంపెనీలు ఉన్నందున తెలుగు కుటుంబాలు తగినన్ని ఉన్నాయి. కానీ ఒక మృదంగ కళాకారుడి కడుపు నింపేటన్ని కర్ణాటక సంగీత కచేరీలు ఆ ఒక్క ఊళ్లో జరగవు. లండన్‌లో ఒక ఆరంగేట్రం, బెర్లిన్‌లో త్యాగరాజ ఆరాధన, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక నృత్య బృందంతో నాలుగు రోజుల రిహార్సలు, ఇట్లా ఊళ్లు తిరిగితేనే సంపాదన. నిర్వాహకులు చాలామంది ప్రయాణ ఖర్చులు కలిపే ఒక మొత్తం మాట్లాడుతారు. టికెట్టులో మిగిల్చుకున్నదే మన చేతికి వచ్చేది కనుక చవక విమానాలే మాకు దిక్కు. బాసెల్ విమానాశ్రయం నిజానికి ఫ్రాన్స్ గడ్డ మీద ఉంది. రెండు దేశాలు కలిసి నడిపే ఆ విమానాశ్రయంలో స్విస్ వైపు ఒక ద్వారం, ఫ్రాన్స్ వైపు ఒక ద్వారం ఉంటాయి. బాసెల్ స్టేషన్ ముందు 50వ నంబరు సిటీ బస్సు ఎక్కితే కాసేపట్లో చేరుకోవచ్చు. అక్కడి నుంచి ఎగిరే విమానాల్లో ఎక్కువ భాగం ఈజీజెట్ వంటి చవక సంస్థలవే.

చవక అన్నమాటే గానీ, ఈ సంస్థల లెక్కలో టికెట్టు కొసరు, సంచే అసలు. ఈజీజెట్‌లో ఉచితంగా చేత పట్టుకెళ్లగలిగేది 45×36×20 సెంటీమీటర్ల సంచి ఒక్కటే, అది కూడా ముందు సీటు కింద దూరాలి. డబ్బు కట్టి పెద్ద సంచి తీసుకున్నా దాని కొలత 56×45×25. పనస చెక్కతో చేసిన మృదంగం రెండడుగులకు అటూ ఇటూగా పొడవుంటుంది, నడుమ పొట్ట పాతిక సెంటీమీటర్లలో ఇమడదు. మన దేశీయ విమానాల్లో చేతి సామానుకు పెట్టిన ఏడు కిలోల పరిమితిని కూడా అది సునాయాసంగా దాటుతుంది. వయొలిన్ వాయించే మిత్రులు ఏదో ఒక విధంగా లోపలికి చేరుస్తారు. మాకు మిగిలే దారులు పక్క సీటుకు టికెట్టు కొనడం, లేదా గుండె చిక్కబట్టుకుని కింద సామాన్ల అరలోకి పంపడం. నిర్వాహకుడు తేదీ ముందే ఖాయం చేస్తే రెండో సీటు కొన్నా గిట్టుబాటవుతుంది. కచేరీకి వారం ముందు ఫోన్ చేసేవాళ్ల విషయంలో మాత్రం మృదంగం టికెట్టే నా పారితోషికాన్ని మింగేస్తుంది.

కింద అరలోకి పంపే ముందు వార్లను కాస్త సడలించాలి. దిగిన తర్వాత మళ్లీ శ్రుతికి బిగించాలంటే రాయి, కర్ర ముక్క ఉండాలి. ఆ రెండూ చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గర ఆపుతారు, ఎందుకంటే నదీ తీరంలో ఏరుకున్న గుండ్రని రాయిని విమానంలోకి ఎందుకు తీసుకెళ్తున్నావంటే ఏ భద్రతా సిబ్బందికైనా నమ్మకమైన జవాబు చెప్పడం కష్టమే. ఎడమ మూత మీద తడిపి అద్దే బొంబాయి రవ్వ పొట్లం మరో తలనొప్పి. తెల్లటి పొడిని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఒకరి తర్వాత ఒకరు వాసన చూసి, యంత్రంలో పరీక్షించి, చివరకు నవ్వి పంపిన సందర్భాలున్నాయి. ఇప్పుడు రాయినీ కర్రనూ కింద అరలోకే పంపి, రవ్వ దిగిన ఊళ్లోనే కొనుక్కుంటున్నాను. కుడి మూత మీద రాతిపొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా అద్దిన కరణి స్కానర్‌లో నల్లటి బిళ్లలా కనిపిస్తుంది, దానికీ వివరణ సిద్ధంగా ఉంచుకోవాలి. ఇక అక్కడి చలికాలంలో గదుల్లో హీటర్ల వల్ల గాలి ఎండిపోయి కుడి మూత తనంతట తాను శ్రుతి పెరిగిపోతుంది. మూత పగిలితే బాసెల్‌లో కట్టేవాళ్లు దొరకరు, ఇంటి నుంచి తీసుకెళ్లిన మూతలతోనే గడుపుకోవాలి.

వాద్యం పగిలితే? అంతర్జాతీయ ప్రయాణాల్లో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను నష్టానికి ఒక ప్రయాణికుడికి విమాన సంస్థ చెల్లించాల్సిన గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల కోసం వాడే ప్రమాణం), అంటే మన లెక్కలో దాదాపు రెండు లక్షల రూపాయలు. మృదంగానికి ఇది సరిపోతుందేమో గానీ, తాతల నాటి వీణకు సరిపోదు. సామాను అప్పగించేటప్పుడే విలువను ప్రత్యేకంగా ప్రకటించి అదనపు రుసుము కడితే ఆ పరిమితి వర్తించదు. ఈ వెసులుబాటు ఉందని మన కళాకారుల్లో నూటికి తొంభై మందికి తెలియదని నా అనుమానం.

దగ్గరి ఊళ్లకైతే రైలే మేలు. కాజీపేట జంక్షన్ కూతలు వింటూ పెరిగినవాణ్ని కనుక ఈ మాట పక్షపాతంతో అంటున్నానని ఎవరైనా అనుకున్నా ఫర్వాలేదు. బాసెల్ నుంచి ప్యారిస్‌కు రైల్లో మూడు గంటల పైచిలుకు, మృదంగానికి టికెట్టు అడిగేవారుండరు. సముద్రం దాటి లండన్ వెళ్లాలన్నా, ఒక్క రాత్రిలో వెళ్లి రావాలన్నా మాత్రం విమానం తప్పదు.

విమానం ఆలస్యమైతే ఐరోపాలో ప్రయాణికుడికి మంచి రక్షణ ఉంది, అది స్విట్జర్లాండ్‌కూ వర్తిస్తుంది. సంస్థ తప్పిదం వల్ల మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరితే 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోలు ఇవ్వాలి. టికెట్టు నలభై యూరోలకే కొన్నా సరే. మన దేశంలో విమానం రద్దయితే ఇచ్చే పరిహారం 5,000 నుంచి 10,000 రూపాయల వరకు, లేదా మూల చార్జీ ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. చవక టికెట్టు కొన్నవాడికి ఇందులో దక్కేది ఎంతో చెప్పనక్కరలేదు. అయితే వాద్యం విషయానికొస్తే ఐరోపా కూడా ఆదర్శం కాదు. న్యాయమైన కొలతలకు లోబడిన చేతి సంచికి విడిగా డబ్బు వసూలు చేయరాదని ఐరోపా న్యాయస్థానం 2014లోనే చెప్పినా, చేతి సంచి రుసుములు సహా పలు వసూళ్ల మీద స్పెయిన్ ప్రభుత్వం 2024లో అయిదు చవక విమాన సంస్థలకు 17.9 కోట్ల యూరోల జరిమానా వేసినా, వాద్యాల సంగతి ఏ సంస్థకు ఆ సంస్థ పెట్టుకున్న షరతులకే వదిలేశారు. ఈ ఒక్క విషయంలో అమెరికా ముందుంది. 2012లో చేసిన చట్టం, దాని కింద 2015లో వచ్చిన నియమాల ప్రకారం, ఎక్కే సమయానికి పై అరలో చోటుంటే గిటారు, వయొలిన్ వంటి వాద్యాన్ని లోపలికి అనుమతించి తీరాలి. పెద్ద వాద్యానికి సీటు కొంటే, బరువు, భద్రత షరతులకు లోబడి, కాదనడానికి వీల్లేదు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ, విమాన సంస్థలు విడిగా రుసుము తీసుకోదగిన సేవల జాబితాలో సంగీత వాద్యాల రవాణాను చేర్చింది. రుసుము రాసిన చోటనే కళాకారుడి హక్కు కూడా రాయడానికి అభ్యంతరం ఏముంటుంది?

ఇక ఎంత ఇస్తారన్న మొదటి ప్రశ్న. స్విట్జర్లాండ్‌లో సంగీత విద్యను ప్రోత్సహించాలన్న మాట రాజ్యాంగంలోనే ఉంది. 2012 సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 72.7 శాతం ఓటర్లు దానికి ఔనన్నారు. ఊరూరా సంగీత పాఠశాలలున్నాయి, వాటిలో ఉపాధ్యాయులను పూర్తి ఉద్యోగంలో ఇన్ని శాతం అని లెక్కగట్టి నియమిస్తారు. ఒక బడిలో పాతిక శాతం, మరో ఊరి బడిలో పదిహేను శాతం, మిగిలింది కచేరీలు, ఇది అక్కడ చాలామంది సంగీతకారుల మామూలు బతుకు. జీతం రూపాయల్లోకి మార్చి చూస్తే కళ్లు తిరుగుతాయి. ప్రతి మనిషీ తన జేబులోంచే కట్టుకోవాల్సిన ఆరోగ్య బీమా, ఇంటి అద్దె తీసేశాక కళ్లు కుదురుకుంటాయి.

నాకు అంతకంటే విలువగా తోచింది అక్కడి జీతం చీటీ. చిన్న మొత్తాల జీతాలకు సాధారణంగా వృద్ధాప్య పింఛను కోత ఉద్యోగి కోరితేనే పెడతారు. నాటక, నృత్య సంస్థలు, వాద్యబృందాలు, కళా పాఠశాలలు ఇచ్చే జీతాలకు మాత్రం మొదటి ఫ్రాంకు నుంచే కోయాలని నియమం. ఒక్క సాయంత్రం వాయించినా చీటీ వస్తుంది, అందులో నా వాటా, యజమాని వాటా పింఛను ఖాతాలో పడతాయి. సంగీతకారులకు పనులు తెగిపోతూ ఉంటాయని గుర్తించి, నిరుద్యోగ భృతి అర్హతను లెక్కించేటప్పుడు ప్రతి తాత్కాలిక ఒప్పందంలోని మొదటి అరవై రోజులను రెట్టింపుగా పరిగణిస్తారు. అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. యజమాని ద్వారా వచ్చే రెండో పింఛను 2025 లెక్క ప్రకారం ఒక్క చోట ఏడాదికి 22,680 ఫ్రాంకులు దాటితేనే తప్పనిసరి. నాలుగు చోట్ల ముక్కలు ముక్కలుగా పనిచేసేవాడు ఆ గీత కింద జారిపోతాడు.

ఇక్కడి పరిస్థితితో పోల్చి చూడండి. దేవాలయ ఉత్సవంలో రెండు గంటలు వాయించిన విద్వాంసుడికి కవరు, శాలువా, జ్ఞాపిక దక్కుతాయి. మా గురువుగారి బీరువా నిండా శాలువాలే, పింఛను మాత్రం లేదు. కవర్లో ఎంతుందో, దాన్ని ఆదాయంగా ఎక్కడ చూపాలో ఎవరికీ తెలియదు. విదేశీ వీసాకు దరఖాస్తు చేసే రోజున ఆ కళాకారుడు తాను కళతోనే బతుకుతున్నానని రుజువు చేయడానికి ఒక్క కాగితం కూడా చూపలేడు. సంగీతాన్నే నమ్ముకుని స్విట్జర్లాండ్ వెళ్లాలనుకునేవారికి ఆ కాగితమే ప్రాణం. నేను భార్య వెంట వెళ్లాను కాబట్టి పని హక్కు సులువుగా వచ్చింది. ఐరోపా వెలుపలి దేశాల వారికి ఆ దేశం ఇటీవలి సంవత్సరాల్లో ఏటా ఇస్తున్న పని అనుమతుల కోటా 8,500 మాత్రమే. కళాకారులకు ఏడాదిలో ఎనిమిది నెలలకు మించకుండా, ఆ కోటాకు బయట అనుమతి పొందే వీలుంది, అయితే రాతపూర్వక ఒప్పందం చూపాలి.

డప్పు, ఒగ్గు డోలు బృందాలకు ఇబ్బందులు ఇంకా ఎక్కువ. డప్పును మంటకు కాచి శ్రుతి చేసుకోవడం మనకు అలవాటు, ఐరోపా సభామందిరంలో అగ్గిపుల్ల గీసినా అలారం మోగుతుంది. ముందే చెబితే నిర్వాహకులు చిన్న విద్యుత్ హీటర్ ఏర్పాటు చేయగలరు. స్విట్జర్లాండ్, ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఉన్నా ఐరోపా కస్టమ్స్ కూటమిలో లేదు కనుక, ఆ సరిహద్దు దాటే వాద్యాలకు తాత్కాలిక దిగుమతి పత్రమైన ఏటీఏ కార్నెట్ ఉంటే నిశ్చింత. మన దేశంలో దాన్ని ఇచ్చేది ఢిల్లీలోని వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ. పాత వీణకు దంతపు పని ఉంటే అసలు కదిలించకముందే వన్యప్రాణి అనుమతుల గురించి విచారించాలి. ఈ సంగతులన్నీ సంగీత కళాశాల చివరి సంవత్సరంలో నాలుగు తరగతుల్లో చెప్పవచ్చు.

మన లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు పౌర విమానయాన శాఖను ఒక్క ప్రశ్న అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: పై అరలో చోటుంటే వాద్యాన్ని అనుమతించాలన్న నియమాన్ని ప్రయాణికుల హక్కుల్లో ఎప్పుడు చేరుస్తారు? రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ తాను చెల్లించే ప్రతి ప్రదర్శనకు, ఎంత చిన్న మొత్తమైనా, కళాకారుడి పేరు, తేదీ, మొత్తం రాసిన చీటీ ఇచ్చే పద్ధతి పెట్టాలి. మామునూరు టెర్మినల్ కట్టే ఇంజినీర్లకూ ఒక మనవి. పెద్ద సామాను అప్పగించే కిటికీని కట్టే ముందు ఒగ్గు డోలును ఒకసారి టేపు పెట్టి కొలవండి.

ఇట్లు,
ఒక మృదంగ కళాకారుడు,
హనుమకొండ