ఇప్పపువ్వు, అరకు కాఫీ, జీడిమామిడి: మన లిక్యూర్లు మనమెందుకు చెయ్యకూడదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో మందు గురించి వచ్చే వార్తలన్నీ నేను చదువుతాను. ధరలు పెరిగాయనో, నాటుసారా బట్టీల మీద దాడులు జరిగాయనో, బెల్టు షాపులనో, తాగి బండి నడిపి పట్టుబడ్డారనో ఉంటాయి. అవి రాయాల్సిందే, నేను కాదనను. కానీ మందుకు రుచి అనేది ఒకటుందని, దాని వెనక ఒక పంటో అడవో ఉంటుందని, చేసేవాడి పనితనం ఉంటుందని మన తెలుగు పత్రికల్లో ఎప్పుడూ కనబడదు. ముఖ్యంగా లిక్యూర్ల గురించి ఎవరూ రాయరు. స్పిరిట్‌లో, అంటే బట్టీ పట్టిన ఘాటైన మందులో, పళ్లు, పూలు, వేర్లు, తొక్కలు నానేసి, కొన్నిటిని మళ్లీ డిస్టిల్ చేసి, పంచదార కలిపి తయారుచేసే తియ్యటి మందులివి. యూరప్‌లో మామూలుగా లీటరుకు కనీసం 100 గ్రాముల పంచదార, 15 శాతం ఆల్కహాల్ ఉంటేనే సీసా మీద ఆ పేరు వేసుకోనిస్తారు.

మా విశాఖలో మర్చంట్ నేవీ వాళ్లకు కొదవ లేదు. మా బావమరిది షిప్ దిగి వచ్చేటప్పుడు ఏం తేవాలని అడిగితే, విస్కీ వద్దు, ఇక్కడ దొరకనిదేదైనా తెమ్మంటాను. అలా వచ్చిన సీసాలను మేం నలుగురైదుగురు స్నేహితులం కూర్చుని చెంచాడు చెంచాడు రుచి చూస్తాం, అంతకు మించి పోసుకోం, ఎందుకంటే లిక్యూర్ గ్లాసులకు గ్లాసులు తాగే సరుకు కాదు. ఐస్ వెయ్యకుండా మొదలుపెట్టాలి. చల్లబడితే వాసన అణిగిపోతుంది, తీపి కూడా తక్కువగా తెలుస్తుంది, దాంతో అసలు సీసాలో ఏముందో పట్టుకోలేం. తర్వాత రెండు చుక్కల నీళ్లు, ఆ తర్వాత ఐస్, చివర్లో నిమ్మరసం, సోడా. ఒక్కో మెట్టులో ఒక్కో రుచి బయటికొస్తుంది.

వీటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఫ్రాన్స్‌లో కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసులు చేసే గ్రీన్ షార్ట్రూజ్. 1605లో వాళ్ల చేతికొచ్చిన ఒక రాతప్రతిలోంచి పుట్టిందట, 130 రకాల మొక్కలు, 55 శాతం ఆల్కహాల్. ఘాటు అంత ఉన్నా నోట్లో పచ్చి ఆకుల వాసన, మిరియం, తేనె లాంటి తీపి ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ప్రపంచమంతా అడుగుతున్నా ఉత్పత్తి ఇంకా పెంచబోమని, తమకు ప్రార్థనే ముఖ్యమని ఆ సన్యాసులు తేల్చి చెప్పేశారు. దీన్ని, జిన్‌ను, మరాస్కినో అనే చెర్రీ లిక్యూర్‌ను, నిమ్మరసాన్ని సమానంగా, ఒక్కోటి 22 మిల్లీలీటర్ల చొప్పున పోసి ఐస్‌తో గట్టిగా షేక్ చేస్తే లాస్ట్ వర్డ్ అనే పాత కాక్‌టెయిల్ అవుతుంది. 1916లోనే డెట్రాయిట్‌లోని ఒక క్లబ్ మెనూలో ఉందిది. పంచదార పాకం ఒక్క చుక్క కూడా అక్కర్లేదు, తీపంతా ఆ రెండు లిక్యూర్లే ఇస్తాయి, పులుపుతో అవి సరిగ్గా తూగుతాయి. కాక్‌టెయిల్లో లిక్యూర్ చేసే పని ఇదే, తీపితో పాటు వాసన, చేదు, రంగు కూడా తెస్తుంది. ఇటలీలో 1952 నుంచి అమ్ముతున్న చీనార్ అనే చేదు లిక్యూర్‌ను చూడండి, ఆర్టిచోక్ అనే కూరగాయ మొక్క ఆకులతో చేస్తారు. దాంట్లో నిమ్మరసం పిండి సోడా పోస్తే మన ఎండలకు అంత హాయైన డ్రింక్ ఇంకోటి నేను తాగలేదు, చేదు ఉంటుంది గానీ కాకరకాయ వేపుడు ఇష్టంగా తినే మనకు ఆ చేదు ఒక లెక్కా!

మరి మన ఊరి బార్లలో ఏం జరుగుతోంది? బీచ్ రోడ్డు వైపు ఒక పెద్ద హోటల్ బార్లో మెనూలో ఆరెంజ్ లిక్యూర్ అని రాసి, ఆరెంజ్ సిరప్ పోసిచ్చారు. అడిగితే స్టాక్ లేదన్నారు, డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. రంగునీళ్లలాంటి సిరప్‌లు, నీలంవి, ఎర్రవి, పచ్చవి, అన్నీ ఒకే తీపి. మెనూలో ఏ బ్రాండ్ పోస్తున్నారో, ఎన్ని మిల్లీలీటర్లో రాయాలని కోరడం అత్యాశ ఏమీ కాదనుకుంటాను.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. బయటి లిక్యూర్లు రుచి చూస్తున్నకొద్దీ నాకు మన సరుకే గుర్తొస్తోంది. వెర్మూత్ అనే మూలికల వైన్‌లో పడే చేదు మొక్క, పూర్ణా మార్కెట్లో దండల్లో కట్టే మన దవనం, రెండూ ఆర్టెమీసియా ప్రజాతివే. మెక్సికోలో 1936లో మొదలైన కలూవా అనే కాఫీ లిక్యూర్‌లో ఉండేది చెరకు స్పిరిట్, కాఫీ, పంచదార. మన దగ్గర అరకు కాఫీ ఉంది, దానికి 2019లో జీఐ (ఆ ప్రాంతపు సరుకన్న భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. పక్కనే అనకాపల్లి బెల్లం. నేను షాపులో కొన్న వైట్ రమ్ములో కచ్చాపచ్చాగా దంచిన అరకు గింజలు ఒక రాత్రి నానేసి (అంతకంటే ఎక్కువసేపు ఉంచితే చేదెక్కిపోతుంది), వడగట్టి, బెల్లం పాకం పోసి చూశాను. బెల్లంలోని ఆ కొద్దిపాటి ఉప్పదనం కాఫీని ఎంత బాగా పైకి తెచ్చిందో చెప్పలేను, తెల్ల పంచదారకు అది చేతకాదు.

జీడిమామిడి సంగతి చూడండి. ఉద్దానం వైపు గింజ తీసుకుని పండు పారేస్తారు, తోటల్లో కుళ్లిపోతుంది. గోవాలో అదే పండు రసం పులియబెట్టి బట్టీ పట్టి ఫెనీ చేస్తారు, 2009లో జీఐ తెచ్చుకున్నారు, 2016లో అక్కడి ప్రభుత్వం వారసత్వ పానీయంగా గుర్తించింది. మనకు బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రమే ఉంది, పండు మాత్రం మట్టిపాలు.

ఇప్పపువ్వైతే ఇంకా బాధ. వేసవి మొదట్లో తెల్లవారేసరికి చెట్టు కింద రాలే ఆ పూలలో ఎంత తీపి ఉంటుందో ఏజెన్సీలో తిరిగిన వాళ్లకు తెలుసు. గిరిజనులు తరతరాలుగా ఏరుకుని, ఎండబెట్టుకుని వాడుకుంటున్నారు. దాంతో సారా కాస్తే కేసు. అదే మధ్యప్రదేశ్‌లో 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యం చేస్తామని ప్రకటించి, తర్వాత గిరిజన స్వయంసహాయక సంఘాల చేతే తయారుచేయించారు. మన చిత్తూరు జిల్లాలో కిత్తనార మొక్క నుంచి స్పిరిట్ తీసే కంపెనీ కూడా 2018లో ఇప్పపువ్వు లిక్యూర్ తెచ్చింది. కాబట్టి ఇది కుదిరే పనే.

అందరూ ఇళ్లలో బట్టీలు పెట్టుకోవాలని నేననడం లేదు, అది నేరం, పైగా కల్తీసారాతో ప్రాణాలు పోయిన ఊళ్లు మనకు తెలుసు. నేనడిగేది లైసెన్సు, ల్యాబ్ పరీక్ష, సీసా మీద లేబుల్ ఉన్న పద్ధతి. విశాఖలో బీరు తయారుచేసే మైక్రోబ్రూవరీలకు అనుమతి ఇచ్చినట్టే, పూలు, పళ్లు, కాఫీతో లిక్యూర్ చేసే చిన్న డిస్టిలరీలకు కూడా తక్కువ ఫీజుతో ఒక లైసెన్సు పెట్టొచ్చు. సరుకు సేకరణకు గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే. పాడేరు, అరకు ఇప్పుడు అల్లూరి జిల్లాలోకి వెళ్లినా తేనె, చింతపండు, కాఫీ కొనేది ఆ సంస్థే. ఇప్పపూలకు మంచి ధర కట్టి, తయారీలో గిరిజన సంఘాలకే వాటా ఇవ్వాలి, లేకపోతే లాభమంతా మైదానం వాళ్ల జేబుల్లోకి పోతుంది.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఎక్సైజ్ శాఖ అధికారులను, గిరిజన సహకార సంస్థ వాళ్లను మీ విలేకరి కలిసి, ఇలాంటి లైసెన్సుకు అడ్డేమిటని సూటిగా అడిగి, వాళ్లిచ్చిన జవాబును ఉన్నదున్నట్టు వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం